దెబ్బ తగిలిందా, తగిలించుకున్నాడా?

సందేహం: సీజన్ మొదలయ్యే ముందు మా పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు మూడు వారాల శిక్షణ శిబిరం పెట్టాం. చివర్లో ఒక్కొక్కరి గురించీ ఇంటివాళ్లకు తెలుగులో నాలుగు మాటలు రాసిచ్చే పని నాది. ఒక అబ్బాయి కార్డులో ‘రెండో వారంలో మడమకు గాయం తగిలించుకున్నాడు. తర్వాత ఆడలేదు. ప్రదర్శన ఫరవాలేదు’ అని రాశాను. వాళ్ల నాన్నగారు వచ్చి ‘మావాడు కావాలని తగిలించుకున్నాడా?’ అని గొడవ పెట్టుకున్నారు. నా వాక్యాల్లో తప్పేముందండీ?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: వ్యాకరణం మీ పక్షం, వాడుక వాళ్ల నాన్నగారి పక్షం.

కూర తరుగుతూ ‘వేలు కోసుకున్నాను’ అంటాం. కావాలని కోసుకున్నామని ఎవరూ అనుకోరు. చేసిన పని ఫలితం చేసినవాడికే చెందితే క్రియకు ‘కొను’ చేరుతుంది. దీన్ని ఆత్మార్థకం అంటారు. బుద్ధిపూర్వకంగా చేశాడా, పొరపాటున జరిగిందా అన్నది దానికి పట్టదు. ఇంతవరకూ మీరు నెగ్గారు.

కానీ ‘తగిలించుకున్నాడు’లో ‘కొను’ ఒక్కటే లేదు. తగలడం దానంతట అది జరిగేది. దానికి ‘ఇంచు’ చేర్చగానే తగిలేలా చేసినవాడు ఒకడు పుట్టుకొస్తాడు. అందుకే ఈ మాట ఎక్కువగా తిట్లలో వినిపిస్తుంది. ‘ఎక్కడ తగిలించుకొచ్చావురా?’ అని అమ్మ అడిగితే అది పరామర్శ కాదు, విచారణ. ‘కాలు బెణికింది’ అంటే కర్త కాలు. ‘కాలికి దెబ్బ తగిలింది’ అంటే కర్త దెబ్బ. ‘దెబ్బ తగిలించుకున్నాడు’ అన్నప్పుడు కర్త కుర్రాడు, వాడితోపాటు నింద కూడా వచ్చి కూర్చుంది. తండ్రికి కోపం రాకేం చేస్తుంది?

ఇక ‘గాయం’. గాయం అవుతుంది, దెబ్బ తగులుతుంది. మీరు రెండింటినీ కలిపేశారు. సంస్కృత ‘ఘాతం’ ప్రాకృతం మీదుగా మనకు ‘గాయం’ అయింది. మూలంలో దెబ్బ అనే అర్థమే ఉన్నా, తెలుగు నోట అది తోలు చిట్లి నెత్తురు కనిపించేదానికి స్థిరపడింది. గాయం మానుతుంది, గాయానికి కట్టు కడతారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. హైదరాబాదీ కోచ్ రహీమ్ సాబ్ వెనక కాపు కాసే డిఫెండరైన ఆయన్ని ముందుండి గోల్ కొట్టే ఫార్వర్డ్‌గా దింపితే, ఆ కుట్లతోనే ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద గోల్ కొట్టాడు. మనం 2-1తో గెలిచాం. అది గాయం. పరుగెత్తుతుండగా తొడ వెనక కండరం పట్టేస్తే దాన్నీ ‘గాయం’ అనడం ఇంగ్లిషు వార్తల నుంచి ఆటల పేజీలకు పాకిన అలవాటు. పత్రికలో ఒక్క ముక్కలో తేల్చాలి కాబట్టి సరే అనుకుందాం. శిబిరం కార్డులో అది చాలదు. అబ్బాయి ఎన్నాళ్లు ఆడకూడదన్నది ఏ రకం దెబ్బ అన్నదాన్ని బట్టి ఉంటుంది కదా.

ఇందుకు కావలసిన మాటలు మైదానంలోనే దొరుకుతాయి. బ్రహ్మానందరెడ్డి స్టేడియం వైపు పొద్దున్నే నడకకు వెళితే పిల్లలు ‘పిక్క పట్టేసిందిరా’, ‘మోకాలు గీరుకుపోయింది’ అనుకోవడం వినిపిస్తుంది. ఒక్కడూ గాయమైందనడు! పట్టేసేది కండరం, బెణికేది కీలు, చిట్లేదీ విరిగేదీ ఎముక, కమిలేది చర్మం. కండరం దెబ్బను డాక్టర్లు మామూలుగా మూడు మెట్లుగా చూస్తారు. దానికీ మన క్రియలు సరిపోతాయి: సాగింది, కొంత చిరిగింది, పూర్తిగా తెగింది. ‘నరం పట్టేసింది’ మాత్రం కార్డులో రాయకండి. వాడుకలో నరమంటే రక్తనాళమూ అవుతుంది, నాడీ అవుతుంది, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనమూ అవుతుంది. ఎముకను ఎముకకు కట్టేది వేరు, పాఠ్యపుస్తకాల్లో దాని పేరు సంధిబంధనం. మీరు లిగమెంట్ అనే రాయండి, తండ్రికి అదే తొందరగా అర్థమవుతుంది.

మడమ అన్నారు. మడమ పాదానికి వెనక, నేలకు ఆనే భాగం. పాదం, కాలు కలిసేచోట రెండు పక్కలా ఎముక పొడుచుకొచ్చి ఉండేది చీలమండ. ఫుట్‌బాల్‌లో పాదం లోపలికి మడతపడి బెణికేది సాధారణంగా చీలమండే. ఒకసారి ఆ అబ్బాయినే వేలితో చూపించమనండి.

‘తర్వాత ఆడలేదు’ అనేది మీ కార్డులో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం. బరిలోకి దిగలేదనా, దిగినా ఆట బాగాలేదనా, మొండికేశాడనా? శరీరం సహకరించకపోతే ‘ఆడలేకపోయాడు’. మీరే ఆపితే ‘ఆడించలేదు’. ‘తప్పించాం’ అని మాత్రం రాయకండి, జట్టులోంచి తీసేశారనుకుంటారు.

ప్రదర్శన అంటే చూసేవాళ్లుండాలి. శిబిరంలో చూసేది మీరూ, గోడ మీద కాకులూ. ‘ఆటతీరు’ అనండి.

‘ఫరవాలేదు’కు ‘ఫ’ అక్కర్లేదు. ‘పర్వా’ పారసీ మాట, ఉర్దూ ద్వారా మనకొచ్చింది, పట్టింపు, చింత అని అర్థం. పరవాలేదు, పర్వాలేదు రెండూ సరైనవే. అర్థమే చిక్కు. భోజనం ఎలా ఉందంటే ‘పరవాలేదు’ అనేవాడికి మళ్లీ వడ్డించడానికి ఎవరికీ చెయ్యి రాదు. మా గుంటూరు నాన్నల నోట కొడుకు గురించి అదే మాట వస్తే మాత్రం అంతకుమించిన మెప్పు లేదు! ఇక కాలు ఎలా ఉందని అడిగితే కుర్రాడు ‘పరవాలేదు సార్’ అంటాడు. అది మర్యాదో, బెంచీ మీద కూర్చోబెడతారన్న టెన్షనో అయ్యుంటుంది. దాన్ని నమ్మి బరిలోకి దింపకండి.

మీ కార్డు ఇలా మార్చుకోవచ్చు: ‘రెండో వారంలో ఎడమ చీలమండ బెణికింది. వాపు పూర్తిగా తగ్గలేదని తర్వాత ఆడించలేదు. మొదటి వారంలో పాస్‌లు చక్కగా ఇచ్చాడు, వెనక్కి పరుగెత్తడంలో బద్ధకించాడు.’ ఎడమో కుడో మీరు సరిచూసుకోండి. ‘బద్ధకించాడు’లో కర్త కుర్రాడే. అక్కడ ఉండాల్సిందే.

అన్నట్టు, ప్రీ సీజన్‌ను ‘ఋతుపూర్వ శిబిరం’ అని అనువదించనందుకు సంతోషం. మిర్చి రైతులకేమో అనుకుని జనం వచ్చేవాళ్లు.