పచ్చడి సీసా మీద చేతిరాత ఫాంటు: అక్షరాలు అలుక్కుపోకుండా ఉండాలంటే

నమస్తే అండీ. మీ నకిరేకల్ నిమ్మకాయ పచ్చడి లేబుల్‌కు లక్కిరెడ్డి ఫాంటు వాడితే అక్షరాలు కలిసిపోతున్నాయని, వేరే ఫాంటు చెప్పమని అడిగారు. దయచేసి దాన్ని తీసేయకండి! ఇంట్లో పెట్టిన పచ్చడికి ఆ చేతిరాత తీరే అందం.

అది పెద్ద అక్షరాలకు పనికొచ్చే ఫాంటు. మీరు దినుసుల జాబితా కూడా అందులోనే పెట్టారు. లావుపాటి గీతలు చిన్న సైజులో అచ్చయితే సిరా పరచుకుని లోపలి ఖాళీలు పూడిపోతాయి. మీ ఫొటోలో ‘పచ్చడి’ చూడండి: ‘ప’ పైన ఉండాల్సిన సందు మూసుకుపోయి ‘వచ్చడి’ అయింది. పచ్చడి పేరొక్కటే ఇందులో ఉంచి, దినుసులు, బరువు, తేదీ మండలి ఫాంటులో పెట్టండి. సురవరం కూడా ప్రయత్నించవచ్చు. మన పాలమూరు పెద్దాయన సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న ఫాంటు అది.

పేరు రెండు వరుసల్లో ఉంది కదా, పైనున్న ‘మ్మ’ వత్తు కింది ‘డి’ గుడిని తాకుతోంది. వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వండి. తెలుగుకు ఆ చోటు కావాల్సిందే.

ఇవన్నీ ఉచిత ఫాంట్లే, అమ్మే సరుకు మీదా వాడుకోవచ్చు. ప్రెస్సుకు పంపేముందు అక్షరాలను గీతలుగా (అవుట్‌లైన్లుగా) మార్చండి, లేకపోతే వాళ్ల కంప్యూటర్‌లో ఫాంటు మారిపోవచ్చు. మార్చాక అక్షరాలు దిద్దలేరు కాబట్టి అసలు ఫైలు విడిగా దాచుకోండి.