కట్టెలు కొనే ముందు, పేర్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కట్టెలు ఏ చెట్టువైతే మంచివని అడిగావు. చెప్తాను గానీ, ముందు నీళ్ల లెక్క తెలుసుకో. అప్పుడే కొట్టిన మానులో సగం బరువు దాకా నీళ్లే ఉంటాయి. అలాంటి పచ్చి కట్టెలు 1000 కిలోలు కొంటే అందులో అసలు కట్టె 500 కిలోలే. అదే సరుకు 20 శాతం తేమకు ఎండితే 625 కిలోలు తూగుతుంది. మిగిలిన 375 కిలోలు గాలికి పోవలసిన నీళ్లు. తూకం లెక్కన కొనేటప్పుడు ఇది మర్చిపోకు.

ఆ నీళ్లతోనే పొయ్యిలో పెడితే ఆవిరి చేయడానికి కొంత సెగ పోతుంది. అంతకంటే పెద్ద నష్టం వేరే ఉంది. మంట చల్లబడి, కట్టెలోంచి వచ్చే వాయువులు కాలకుండానే పొగగా వెళ్లిపోతాయి. పొగగొట్టం ఉంటే ఆ పొగే లోపల తారులా పేరుకుని, ఎప్పుడో ఒకసారి నిప్పంటుకుంటుంది. కళ్లు మండించే పొగకు చెట్టును తిడతారు గానీ చాలాసార్లు తప్పు తేమది.

ఇక చెట్ల సంగతి. బాగా ఎండాక కిలోకి కిలో చూస్తే ఏ కట్టె అయినా ఇచ్చే వేడి దాదాపు ఒకటే. తేడా అంతా చేవలో ఉంది. సరుగుడు, తుమ్మ, సర్కారు తుమ్మ, చింత గట్టివి. ఒక్కో చీలికలో సరుకు ఎక్కువ, నిలకడగా కాలతాయి, మంట తగ్గాక కూడా నిప్పులు చాలాసేపు నిలుస్తాయి. ఎక్కువసేపు సెగ కావాలంటే ఇవే తీసుకో. వేప, మామిడి, సుబాబుల్ మధ్యరకం, రోజువారీ వాడకానికి చాలు. మామిడిని మాత్రం దుంగలుగా నేలమీద వదిలేస్తే బూజు, పురుగు తొందరగా పడతాయి. బూరుగు, మునగ డబ్బు పెట్టి కొనకు, భగ్గుమని బూడిదవుతాయి. గన్నేరు కొమ్మ ఒక్కటి కూడా పొయ్యి దగ్గరికి రానివ్వకు, దాని పొగ కూడా విషమే. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు, చెదలు పట్టకుండా మందు ఎక్కించిన కర్ర కూడా అంతే.

కొన్న వెంటనే చేయవలసిన పని చీల్చడం. నీరు కట్టె నార వెంట నడిచి, కోసిన చివర్ల నుంచి బయటికొస్తుంది. బెరడులోంచి రావడం చాలా కష్టం. అందుకే గుండ్రటి దుంగ పైకి ఎండినట్టు కనిపిస్తూ లోపల పచ్చిగానే ఉండిపోతుంది. 30 నుంచి 40 సెంటీమీటర్ల పొడవున కోసి, 7 నుంచి 10 సెంటీమీటర్ల మందాన చీల్చు. చేతిమందం కొమ్మలనైనా నిలువుగా రెండు చేయి. సరుగుడు, నీలగిరి పచ్చిగా ఉండగానే చీల్చాలి, ఎండాక గొడ్డలి దిగదు. చింతలో నార ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఉంటుంది. నడిమధ్యన కొట్టి ప్రయాస పడకు. అంచు నుంచి పలకలుగా తీసుకుంటూ లోపలికి రా. ముడులున్న చోటు చివరికి మిగిలిపోతే మిగలనీ, పెద్ద మొద్దుగా నిప్పుల మీద వేయడానికి పనికొస్తుంది.

పేర్చేటప్పుడు అడుగున ఇటుకలో రాళ్లో పెట్టి, నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా చూడు. ఒకే వరుసగా, కోసిన చివర్లు గాలి వచ్చే వైపుకు తిరిగేలా పేర్చు. రెండు మూడు వరుసలు ఒకదానికొకటి ఆనించి పేరిస్తే మధ్యది ఎండదు. గోడకు జానెడు దూరం ఉంచు. ఇంటి గోడకు ఆనిస్తే చెదలు కట్టెల్లోంచి తలుపుల్లోకి దారి చేసుకుంటాయి. కప్పు పైన మాత్రమే వేయి. చాలామంది టార్పాలిన్ నేల దాకా కప్పి తాళ్లు బిగించి, జాగ్రత్త పడ్డామనుకుంటారు. కట్టెలోంచి వచ్చిన ఆవిరి దాని లోపలివైపు నీటిబొట్లుగా పట్టి తిరిగి కట్టెమీదే పడుతుంది. నెల తర్వాత విప్పితే బూజు వాసన వస్తుంది. పక్కలు తెరిచి ఉండగా ఓ జల్లు తగిలితే భయం లేదు. ఆ తడి పైపైనే ఉండి రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది.

ఎన్నాళ్లంటే, సన్నని చీలికలు మంచి ఎండల్లో రెండు మూడు నెలల్లో పనికొస్తాయి. గట్టి కట్టెకు ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. క్యాలెండర్ కంటే తక్కెడను నమ్ము. దొంతి మధ్య నుంచి ఒక చీలిక తీసి తూచి, బరువు దానిమీదే బొగ్గుతో రాసి, తిరిగి అక్కడే పెట్టు. రెండు వారాలకోసారి తూచు. బరువు తగ్గడం ఆగితే ఎండినట్టు. వానాకాలంలో ఆగినా నమ్మకు, ఎండలు తిరిగొచ్చాక ఇంకా తగ్గుతుంది. తేమ మీటరు ఉంటే చివర పెట్టి చూడకు. చీలికను అప్పటికప్పుడు రెండుగా చీల్చి, లోపలి ముఖం మీద మధ్యలో పెట్టి చూడు, 20 శాతం లోపు ఉండాలి. చివర్లలో పగుళ్లు చూసి ఎండిందనుకోకు. చివర ముందే ఆరి కుంచించుకుపోతుంది కాబట్టి లోపల పచ్చిగా ఉన్నా పగులుతుంది. రెండు చీలికలు ఒకదానితో ఒకటి కొట్టు. ఎండినవి ఖణేల్మంటాయి, పచ్చివి మొద్దుగా మోగుతాయి. పొయ్యిలో పెట్టాక చివర నురగ కట్టి బుసబుసమంటే ఆ దొంతిని ఇంకొన్నాళ్లు కదపకు.

కట్టెల కింద పిండిలాంటి పొడి రాలుతుంటే పుచ్చు పట్టినట్టు. వాటిని ఇంట్లోకి తేకుండా ముందు తగలబెట్టేయి. ప్రతి దొంతి మీదా కొట్టిన నెల రాసిపెట్టు. కొత్త సరుకు వచ్చినప్పుడు పాతదాని మీద వేయకుండా పక్కన వేరే దొంతిగా పేర్చు.