పాత చైన్‌సా కొనొచ్చా?

ప్రశ్న: మామిడి కొమ్మలు కొయ్యడానికి పాత చైన్‌సా చూశాను. స్టార్ట్ అవుతుంది, రేసు ఇవ్వగానే ఆగిపోతుంది. తీసుకోవచ్చా?
– ఓ రైతు, నర్సంపేట

జవాబు: అది చాలావరకు పెట్రోల్ సరిగా అందని జబ్బే. ట్యాంకులోని ఫిల్టర్‌ను వంచిన తీగతో బయటికి లాగండి. నల్లబడితే మార్చాలి. అప్పటికీ ఆగితే కార్బురేటర్ డయాఫ్రమ్ (లోపల పెట్రోల్ అందించే పలుచని పొర) గట్టిపడి ఉండొచ్చు; రిపేరు కిట్టు వేయించాలి. ఇవి చిన్న ఖర్చులే.

అసలు భయం పిస్టన్‌తో. ఇంజిన్ చల్లారాక సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోకి టార్చి కొట్టండి. పిస్టన్ పక్కన నిలువు గీతలు కనిపిస్తే ఆయిల్ చాలక రాసుకుపోయిందని అనుమానించాలి. ఎంత చవకైనా వద్దు. విప్పనివ్వకపోతే బేరం కూడా వద్దు.

కొన్నాక లీటరు పెట్రోల్‌కు 20 మి.లీ. టూ-స్ట్రోక్ ఆయిల్ కలపండి. కంపెనీ పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే పాటించండి. చైన్‌కు పోసే నూనె ట్యాంకు వేరు, మరవొద్దు.