తిమింగలం వేటకు కెమెరాతో వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఏప్రిల్‌లో ఉట్కియాగ్విక్ వెళ్తున్నావని తెలిసి సంతోషించాను. అలాస్కా ఉత్తర కొసన ఉన్న ఆ ఊరిని 2016 దాకా బారో అనేవారు. ఏ లెన్సు తీసుకెళ్లాలని అడిగావు. దానికంటే ముందు అనుమతి సంగతి చూసుకో. అక్కడి మూలవాసులైన ఇనుపియాట్‌లలో ప్రతి వేట బృందానికీ ఉమియాలిక్ అనే నాయకుడు ఉంటాడు. ఆయననూ, ఆయన భార్యనూ కలిసి అడుగు. బృందాన్ని పోషించడంలో ఆమె బాధ్యత చిన్నది కాదు. ఏది తీయవచ్చో, ఏది బయటపెట్టవచ్చో విడివిడిగా అడుగు. 2017లో అలాస్కాలోనే యూపిక్ అనే మరో మూలవాసి తెగ కుర్రవాడు తిమింగలాన్ని వేటాడాడన్న వార్త బయటికి పొక్కగానే, ముక్కూముఖం తెలియనివాళ్లు చచ్చిపొమ్మని సందేశాలు పంపారు. ఆ బెంగ అక్కడివాళ్లలో ఇంకా ఉంటుంది.

తీరానికి అంటుకున్న మంచు అంచునే మకాం. వాళ్లలాగే తెల్లని పైతొడుగు వేసుకో. అడుగుల చప్పుడు నీళ్లలోకి పోతుంది, మెల్లగా నడువు. షట్టర్ శబ్దం ఆపేయి. గాలి మారితే మంచు విడిపోవచ్చు. సర్దమన్నప్పుడు స్టాండు కోసం కూడా ఆగకు.

బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకో. గుడారంలోకి వచ్చేముందు బయటే కెమెరాను గాలి చొరని సంచిలో మూసేయి, లేకపోతే లెన్సుకు చెమ్మ పడుతుంది. తెల్లటి మంచుకు కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోయి ఫొటో మసకబారుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పైన పెట్టుకో.

తిమింగలం దొరికాక ఊరంతా మోకులు పట్టి లాగుతారు. రెండు ఫొటోలు తీసి నువ్వూ ఓ చెయ్యి వెయ్యి. మంచు మీద నెత్తురు ఒక్క ఫొటోలో ఉంటే చాలు. నీ కన్ను పంపకాల మీద ఉండాలి. నల్లని చర్మమూ గులాబీ ఛాయ కొవ్వూ కలిసిన మక్తక్ ముక్కలు, పిడి పొడుగాటి కత్తులు, ఉడికే గిన్నెల ఆవిరి, ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లే వాటాలు. ఈ వేట వాళ్ల తిండి. నాకు దానికంటే గొప్ప ఫొటో లేదు.

ఫొటో కింద రాతలు నీ ఊహతో రాయకు. తిమింగలాలు బాగా తగ్గిపోయాయని లెక్కగట్టి 1977లో అంతర్జాతీయ తిమింగల వేట సంఘం ఈ వేటను ఆపమంది. తిమింగలాలు మంచు కిందనుంచి కూడా వెళ్తాయనీ, అందుకే ఆ లెక్క తప్పనీ వేటగాళ్లు మొదటినుంచీ చెప్పారు. నీటిలో మైకులు దించి వింటే వాళ్ల మాటే నిజమైంది. అందుకే ఏం జరుగుతోందో వాళ్లనే అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకో.

తిరిగొచ్చాక మొదటి ప్రింట్లు ఉమియాలిక్ ఇంటికి పంపు. వాళ్లు వద్దన్నవి తీసేశాకే మిగతావి నాకు చూపించు.

నీ మామయ్య