ఐదో తరగతి పిల్లలకు చదవడం రాకపోతే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఉంటాం. మా అపార్ట్‌మెంట్ పక్కన షెడ్లలో ఉండే బిల్డింగ్ పనివాళ్ల పిల్లలకు శనివారాలు చదువు చెబుదామనుకుంటున్నాం. ఎక్కువమంది కర్నూలు, అనంతపురం, రాయచూరు వైపు వాళ్లు. ఇంట్లో తెలుగు, బడి కన్నడ. నాలుగు, ఐదు తరగతుల వాళ్లకు కూడా చదవడం, తీసివేతలు రావట్లేదు. ఎలా మొదలుపెట్టాలి? ట్యాబ్‌లు కొనమంటారా?

జవాబు:

నేను కొన్నేళ్లుగా మహదేవపుర వైపు ఇలాంటి పిల్లలతోనే కూర్చుంటున్నానండి. ఏదైనా కొనే ముందు ఒక్కొక్కరినీ విడిగా పక్కన కూర్చోబెట్టుకుని చదివించి వినండి. మనిషికి ఐదు నిమిషాలు చాలు. గుంపులో మాత్రం వినొద్దు. పక్కవాళ్ల గొంతుతో గొంతు కలిపేస్తారు, మనకేమీ తెలియదు.

మా దగ్గర ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక పాప ఉండేది, నాలుగో తరగతి. కన్నడ వాచకం తెరిచి, వేలు పెట్టి గడగడా చదివేసింది. పేజీ మధ్యలో ఒక మాట చూపించి "ఇదేంటమ్మా?" అంటే, మొదటి లైను నుంచి మళ్లీ అందుకుని ఆ మాట దాకా వచ్చి ఆగి, చెప్పింది. పాఠమంతా కంఠతా వచ్చు, అక్షరాలు మాత్రం సగమే వచ్చు. అందరిచేతా ఒకేసారి చదివించే క్లాసులో ఇది ఎవరి కంటా పడదు. ఆ పాప తెలివితక్కువదేమీ కాదు. మొత్తం పుస్తకం బట్టీ పట్టిన పిల్లకు ఎంత జ్ఞాపకశక్తి ఉండాలి!

వినడానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే (పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే సర్వే) కాగితం వాడండి. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ, అంతే. కన్నడ, తెలుగు రెండింట్లోనూ ఉచితంగా దొరుకుతుంది. 2024 అసర్ ప్రకారం గ్రామాల్లో గవర్నమెంటు బళ్లలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో అది 16.3 శాతమే, కాబట్టి మెరుగే. కానీ ఈ సర్వే పల్లెల్లోనే జరుగుతుంది. మన బెంగళూరు షెడ్ల పిల్లలు అందులో లెక్కకు రారు. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, 2026-27ను గడువుగా పెట్టుకుంది. మీ పిల్లలు ఇప్పటికే మూడు దాటేశారు, అదీ చిక్కు.

విన్నాక తరగతిని పక్కన పెట్టి, వచ్చినదాన్ని బట్టి గుంపులు చేయండి. అక్షరాల దగ్గరున్న ఐదో తరగతి అబ్బాయి, మూడో తరగతి పాప ఒకే చాప మీద కూర్చుంటారు. పెద్దవాడు చిన్నబుచ్చుకోకుండా చూసుకోవాలి, అతనికి బోర్డు తుడిచే పనో, పుస్తకాలు పంచే పనో అప్పగించండి. ఈ పద్ధతి మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వంటి ఆర్థికవేత్తలు ప్రథమ్‌తో కలిసి ఏళ్ల తరబడి పరీక్షలు చేశారు. హర్యానా బళ్లలో రోజూ ఒక గంట దీనికే కేటాయించి, పిల్లల్ని స్థాయిని బట్టి విడదీసినప్పుడు ఫలితం కనిపించింది. ఉత్తరాఖండ్‌లో టీచర్లకు శిక్షణ ఇచ్చి వదిలేస్తే సిలబస్ ఒత్తిడిలో అది కొట్టుకుపోయింది. మీరు కూడా ఆ గంటలో హోంవర్కు చేయించే పని పెట్టుకోకండి. తల్లులు అడుగుతారు, అయినా సరే.

ఇక ఏ భాషలో అన్నది. మాట్లాడడం తెలుగులో, చదివించడం బడి భాషలో అన్నది నా పద్ధతి. కథ ముందు తెలుగులో చెప్పేస్తాను, తర్వాత కన్నడలో చదువుతాం. కథ తెలిసిన పిల్లకు మాటలు పట్టుకోవడం సులువు. ఊళ్లో ఒకటి రెండేళ్లు తెలుగు చదివి వచ్చినవాళ్లుంటే మాత్రం ముందు ఆ తెలుగునే గట్టి చేయండి. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి విడిపోయినవే. గ, జ, ట, డ, న, బ, ర, ల దాదాపు ఒకటే. తలకట్టు మారుతుంది, క, త, శ లాంటివి విడిగా నేర్పాలి. కన్నడలో రకారానికి వాడే అర్కావత్తు గుర్తు దగ్గర మన పిల్లలు తప్పకుండా ఆగుతారు. మన పాత పుస్తకాల్లోని వలపలగిలక లాంటిదే అది, ముందు పలికే రకారాన్ని అక్షరం తర్వాత రాస్తారు. "సూర్య" అనే మాట ఒక్కటి పెట్టి చూపిస్తే గంటలో తేలిపోయే విషయం, ఎవరూ చూపించక ఏడాదంతా తడబడతారు.

ఇంకొకటి. "అక్షరాలు వచ్చు" అనే మాటతో తృప్తి పడకండి. మన లిపుల్లో అసలు బరువంతా గుణింతాల మీద ఉంటుంది. అవే 500 పైచిలుకు, ఒత్తులు వేరే. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలోనూ ఇదే తేలింది, అక్షరాల మీద పట్టు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకని అ నుంచి ఱ దాకా అయ్యాకే మాటలు అనే వరస నేను పెట్టుకోను. ర, మ, ల, ప, న తీసుకుని దీర్ఘం, గుడి, కొమ్ము కలిపితే మొదటి వారంలోనే పిల్లలు సొంతంగా మాటలు చదువుతారు. ఆ ముఖాలు చూడాలి మీరు! గోడ మీద గుణింతాల చార్టు పెట్టి రోజూ కాసేపు అడ్డంగా, నిలువుగా చదివించండి. చదవడానికి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో స్థాయిల వారీగా కథలున్నాయి. చాలా కథలు కన్నడ, తెలుగు రెండింట్లో ఉన్నాయి, ప్రింటు తీసుకోవచ్చు, ఖర్చు కాగితానిదే.

లెక్కల్లో మీరు ఆశ్చర్యపోతారు. సాయంత్రం వాళ్లమ్మతో కూరగాయల బండి దగ్గర నిలబడే అబ్బాయి, ముప్పావు కిలో టమాటాకు ఎంతో, వందకు చిల్లర ఎంతో నోటితో చెప్పేస్తాడు. అదే అబ్బాయి నోట్‌బుక్‌లో 52 లోంచి 37 తీసెయ్యమంటే 25 అని రాస్తాడు. ఏడులోంచి రెండు తీశాడు, ఐదులోంచి మూడు తీశాడు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని మాత్రమే అతనికి తెలుసు, ఏది పైన ఉందో చూడడు. ఢిల్లీ, కోల్‌కతా సంతల్లో పనిచేసే పిల్లల మీద 2025లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది, బజారు లెక్క తనంతట తానుగా బడి లెక్క అయిపోదు. మనమే కలపాలి. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండ్లు వేయండి, లేదా పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు పెట్టండి. "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని చెప్పే బదులు కట్ట విప్పమనండి. పదిసార్లు విప్పాక కాగితం మీద రాయించండి.

బడి టీచర్‌తో పోటీ పడకండి, వెళ్లి పలకరించండి. మేం వెళ్లే బళ్లో మేడమ్ ఒక్కరే మూడు తరగతులు చూస్తారు. కర్ణాటకలో చిన్న తరగతులకు నలి కలి అనే పద్ధతి ఉంది, 1995లో హెగ్గడదేవనకోటలో మొదలైంది. దానికి మూలం మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ల కార్డుల పద్ధతి. చెన్నై కార్పొరేషన్ బళ్లు కూడా 2003లో అక్కణ్ణుంచే నేర్చుకున్నాయి. కార్డులు బళ్లో ఉంటే అడిగి తీసుకోండి.

ట్యాబ్‌లు వద్దు. ఆ డబ్బుతో కథల పుస్తకాలు కొని ఇంటికి పంపండి. చిరిగిపోయినా పర్లేదు.

వీళ్లు ఎప్పుడు ఏ సైటుకు మారతారో చెప్పలేం. టీసీ లేదని కొత్త బళ్లో వెనక్కి పంపితే, విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చూపించండి, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. పుట్టిన తేదీ కాగితం లేకపోయినా అంతే. మధ్యలో చదువు ఆగిపోయిన పిల్లలను 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి కూడా. ఆ శిక్షణ గురించి హెడ్మాస్టర్‌ను గట్టిగా అడగండి. తల్లి ఫోన్ నంబరు మీ దగ్గర రాసిపెట్టుకోండి, పిల్ల ఏ స్థాయిలో ఉందో ఒక చీటీ మీద రాసి ఆమె చేతికివ్వండి, కొత్తచోట చెప్పేవాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోకుండా.