రెండు రూపాయల వడ్డీకి అప్పు ఎన్నాళ్లలో రెట్టింపవుతుంది? దీనికి లాగరిథమ్ ఎందుకు?

మన ఊళ్లలో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు నూటికి రెండు. బారువడ్డీ అయితే లెక్క తేలిక, 50 నెలలకు అసలు రెట్టింపు. చక్రవడ్డీ అయితే బాకీ నెలనెలా 1.02తో హెచ్చవుతుంది, అంటే n నెలలకు 1.02 ఘాతం n. ఇక్కడ మనకు కావలసిన n పైన, ఘాతంలో కూర్చుంది. దాన్ని కిందికి దించేదే లాగరిథమ్ (సంవర్గమానం): n = లాగ్ 2 ÷ లాగ్ 1.02 = 0.3010 ÷ 0.0086, అంటే 35 నెలలు.

నెలనెలా ఎవరు కలుపుతారని అనుకోవద్దు. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు కాబట్టి, వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయిస్తారు. లక్ష అప్పు మూడేళ్లకు 1.72 లక్షలు. తిరగరాస్తే ఆరేళ్లకు 1.72 × 1.72, దాదాపు 2.96 లక్షలు. బారువడ్డీకైతే 2.44 లక్షలే. సంతకం పెట్టేముందు ఈ తేడా తప్పకుండా లెక్కేసుకోండి.

జనాభాకూ ఇదే సూత్రం. భారతదేశ జనాభా 1951లో 36.1 కోట్లు, 2011లో 121 కోట్లు, అంటే 3.35 రెట్లు. లాగ్ తీసి 60తో భాగిస్తే దాదాపు లాగ్ 1.02 వస్తుంది, అంటే ఏడాదికి సుమారు 2 శాతం. అప్పు 35 నెలల్లో రెట్టింపైతే, ఈ వేగానికి జనాభా దాదాపు 35 ఏళ్లలో అవుతుంది. కాకపోతే వడ్డీ రేటులా ఇది స్థిరంగా ఉండదు: 2001–2011 మధ్య పెరుగుదల పదేళ్లకు 17.7 శాతమే, అంటే ఏడాదికి 1.6 శాతం.