ఏట్లో నీళ్ళుండగానే కడప చూడు పాపా

పాపా,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట రెండు రోజులుగా నా చెవిలోనే ఉంది. "కడపలో చూసేదానికి ఏముంది జేజీ? ఎండ, బండలు, కారం. శని ఆదివారాలు దొరికితే బెంగళూరికి వచ్చేస్తా" అన్నావు. నీ తప్పేం లేదు. చిన్నప్పటి నుంచీ నువ్వు ఎండాకాలం సెలవులకే కదా వచ్చింది! మే నెలలో కడపను చూసినవాళ్ళు ఎవరైనా అదే మాట అంటారు. ఇప్పుడు దేవుడి దయ వల్ల నీకు కడపలోనే ఉద్యోగం దసరా ముందర వచ్చింది. ఇంతకంటే మంచి వేళ ఇంకొకటి లేదు. ఫోన్లో చెప్తే నువ్వు ఊఁ కొట్టి మర్చిపోతావు. అందుకే కూర్చొని రాస్తున్నా.

మన పెన్న ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. నైరుతి వానలు వెనక్కి పోయే వేళకు బంగాళాఖాతం వైపు నుంచి ఈశాన్య వానలు మొదలవుతాయి. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో వంకలు పారి, చెరువులు నిండి, ఏరు ఏరులాగా కనిపిస్తుంది. మన పెద్దవాళ్ళు గుళ్ళూ కోటలూ ఏటి ఒడ్డున కట్టినారు. ఎండిన ఏటి పక్కన వాటిని చూస్తే సగమే చూసినట్టు. కాబట్టి నా మాట విను, ఈ రెండు నెలలూ బెంగళూరు బస్సెక్కొద్దు.

నీతో పనిచేసేవాళ్ళు మొదటి ఆదివారమే గండికోటకు పోదామంటారు. పోవద్దని కాదు, మొదట పోవద్దు. ముందు పుష్పగిరికి పో. కడప నుంచి పదహారు కిలోమీటర్లు. ఊరు ఒక ఒడ్డున, చెన్నకేశవుని గుడి ఉన్న కొండ అవతలి ఒడ్డున, మధ్యలో పెన్న. ఆ కొండ గురించి మా అమ్మ చెప్పిన కథ ఇది. గరుత్మంతుడు తెస్తున్న అమృతంలో ఒక చుక్క అక్కడి మడుగులో పడిందట. అందులో మునిగినవాళ్ళకల్లా ముసలితనం, చావు లేకుండా పోతుంటే దేవతలకు భయమేసింది. హనుమంతుడు ఒక కొండ తెచ్చి మడుగులో వేసినాడు. కొండ మునగలేదు, పూవులాగా తేలింది. అప్పుడు శివుడొక వైపు, విష్ణువొక వైపు కాలు పెట్టి తొక్కినారు. వైష్ణవులు ఆ చోటును మధ్య అహోబిలం అంటారు, శైవులు మధ్య కైలాసం అంటారు. ఒకే ఆవరణలో చెన్నకేశవుడూ సంతాన మల్లేశ్వరుడూ ఉంటారు, ఇద్దరికీ పేచీ లేదు.

గుడిలోకి పోయి దణ్ణం పెట్టుకొని వచ్చేయొద్దు. బయటి గోడల చుట్టూ నిదానంగా తిరుగు. రామాయణ భారత ఘట్టాలు వరసలు వరసలుగా చెక్కినారు. పొద్దు ఏటవాలుగా పడేటప్పుడే ఆ బొమ్మల మడతలు తేలుతాయి, మిట్టమధ్యాహ్నం అంతా చదునుగా కనపడుతుంది. నేను ప్రతి ఏడూ పిల్లల్ని తీసుకొనిపోయి, "ఈ బొమ్మలో ఏ కథ ఉంది, చెప్పండి" అని అడిగేదాన్ని. క్లాసులో పద్యం అప్పజెప్పలేని పిల్లోడు అక్కడ గోడ ముందర నిలబడి భారతం చెప్పేవాడు. ఆ ముఖాలు నాకిప్పటికీ కళ్ళలో మెదులుతాయి. ఊళ్ళో వైద్యనాథేశ్వరుని గుడి కూడా చూడు, శంకరాచార్యుల పీఠం కూడా అక్కడే ఉంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఏటికి అడ్డంగా నడిచి దాటాలని చూడొద్దు. నేను పడిన కష్టం చెప్తా విను. అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. కార్తీక సోమవారం. కడపలో వారంగా చుక్క రాలలేదు. మోకాటి లోతే కదా అని చీర ఎగ్గట్టి దిగినాను. నడుమ్మధ్యకు పోయేసరికి నీళ్ళు నడుముకు వచ్చినాయి, కాళ్ళ కింద ఇసుక జారింది. ఒడ్డున బట్టలుతుకుతున్న ఒకాయన ఈదుకుంటూ వచ్చి చేయి పట్టి లాగకపోతే ఈ జాబు రాసేదాన్ని కాదు. పెన్న పుట్టింది ఎక్కడో కర్ణాటకలో, నందికొండల్లో. అనంతపురం మీదుగా వస్తుంది. కుందూ, పాపాఘ్ని కమలాపురం దాపున కలుస్తాయి. పైన ఎక్కడ కురిసినా ఇక్కడ నీళ్ళు పెరుగుతాయి. మన నెత్తిన మబ్బు లేదు కదా అనుకోవడానికి లేదు. అవతలికి పోవాలంటే ఏ దారిన బండి పోతుందో ఊళ్ళో అడిగి చుట్టుదారినే పో.

రెండోది సిద్ధవటం. నన్నడిగితే జిల్లాలో అంత మంచి కోట ఇంత తక్కువ మంది చూసేది ఇంకొకటి లేదు. తిరుపతి దారిలో భాకరాపేట దగ్గర తిరిగి పోవాలి. మట్లి రాజుల కోట. గోడ పెన్న ఒడ్డునే లేచి ఉంటుంది. లోపల సిద్ధేశ్వరుని గుడి ఉంది, మసీదు ఉంది, చింతచెట్ల నీడ ఉంది. శ్రీశైలానికి దక్షిణ ద్వారం ఇదే. కుంఫిణీవాళ్ళ కాలంలో 1808 నుంచి 1812 దాకా జిల్లా కచేరీలు కడపలో కాదు, ఇక్కడ నడిచినాయి. ఆ సంగతి తెలిసి చూస్తే ఖాళీ కోటలో మనుషులు తిరుగుతున్నట్టు ఉంటుంది. అన్నం కట్టుకొని పో. గోడ మీది నుంచి ఏరు చూస్తూ కూర్చో. వేరే ఏం చేయక్కర్లేదు.

అవతల కనపడే కొండలు లంకమల. కలివికోడి అనే పక్షి ఉండేది ఆ ముళ్ళపొదల్లోనే. రాత్రిపూట తిరుగుతుంది. ఎనభై ఏళ్ళకు పైగా ఎవరి కంటికీ పడక అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. దాని కోసం అడవిలోకి పోవాలని మాత్రం అనుకోవద్దు. ఎర్రచందనం ఉన్న అడవులవి, ఫారెస్టు వాళ్ళ అనుమతి లేనిదే అడుగు పెట్టకూడదు. ఆ కొండల వైపు చూసి, అక్కడెక్కడో అది బతికి ఉండాలని కోరుకో. నేను ఎప్పుడూ అదే చేసేదాన్ని.

అదే తిరుపతి దారిలో ఒంటిమిట్ట ఉంది. రాముడూ సీతా లక్ష్మణుడూ ఒకే రాతిలో ఉంటారు, పక్కన హనుమంతుడు లేడు. 1652లో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ ఆ గోపురాన్ని మెచ్చుకొని రాసుకున్నాడు. నాకు అంతకంటే ఇమాంబేగ్ బావి ఇష్టం. ఆ తురక సర్దారు "మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా?" అని అడిగి, మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ ఓయని బదులు వచ్చిందట. ఆ మొక్కుతోనే బావి తవ్వించినాడంటారు.

ఊళ్ళోనే ఉండే వారాలకు కూడా పని ఉంది. నవంబరు 10న ఏ మీటింగున్నా ఒక గంట పర్మిషన్ పెట్టి ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి పో. ఆ రోజు బ్రౌన్ దొర పుట్టినరోజు, 1798లో కలకత్తాలో పుట్టినాడు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. నీ మాదిరే వేరే ఊరి నుంచి వచ్చినవాడు పాపా! ఎర్రముక్కపల్లెలోనే బంగళా, తోట కొని, పండితులకు జీతాలిచ్చి తాటాకుల పుస్తకాలకు ప్రతులు రాయించినాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించినాడు. ఆయన నిఘంటువు నా బీరువాలో ఉండేది, నీకు గుర్తుందా, నీలం అట్ట? ఆ బంగళా ఉండిన చోటే ఇప్పుడు గ్రంథాలయం ఉంది. తాటాకులు చూపించమని మర్యాదగా అడుగు. చేత్తో తాకొద్దు.

దేవుని కడపలో వెంకటేశ్వరుని గుడికి కార్తీకంలో దీపాల వేళకు పో. తిరుమలకు తొలి గడప అంటారు దాన్ని. అన్నమయ్య పాడిన కడపరాయుడు ఆయనే. ఉగాది పొద్దున ముస్లింలు కూడా వచ్చి కొబ్బరికాయ కొట్టే గుడి అది. అదే చేత్తో పెద్ద దర్గాకు పోయి రా, తల మీద చున్నీ వేసుకో. కడపలో పుట్టినవాళ్ళకు ఈ రెండూ వేర్వేరు ఊళ్ళుగా తోచవు.

దసరాకు ప్రొద్దుటూరికి పోయి తీరాలి. వాసవీ అమ్మవారి అలంకారాలు, అమ్మవారిని ఊరేగించే తొట్టి మెరవణి చూసేదానికి జిల్లా అంతా కదులుతుంది. ఒంటిమీద బంగారం వద్దు, తోడు లేకుండా పోవద్దు. రాత్రి ఎవరింట్లో పడుకోవాలో ముందే చెప్పి పెడతా, మన వాళ్ళున్నారు. గండికోట ఆ తర్వాత, వారం మధ్యలో సెలవు దొరికిన రోజు. అందరూ లోయ అంచున ఫోటో తీసుకొని వచ్చేస్తారు. నువ్వు మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి చూసి చివరిలో లోయ దగ్గరికి పో. అంచున రాళ్ళు వానకు జారుతాయి, గట్టు లేదు, వెనక్కే నిలబడు.

తిండి సంగతి. పొద్దున్నే ఎర్రకారం పూసి పప్పులపొడి చల్లిన దోసె తిను. వాన పడిన సాయంత్రం బొరుగుల ఉగ్గాని, బజ్జీలు. ఈ నెలల్లోనే పచ్చి చెనిక్కాయలు వస్తాయి, ఉప్పేసి ఉడకబెట్టుకో, వేయించొద్దు. కొండల నుంచి వచ్చే సీతాఫలాలు బుట్టలో పెట్టుకొని కూర్చున్న ముసలామె దగ్గర కొను, బేరమాడొద్దు. కళ్ళు విచ్చినవి రేపటికి, గట్టివి మూడు రోజులకు, ఆమే ఏరి ఇస్తుంది.

తుపాను కబురు వస్తే మాత్రం ఎక్కడికీ కదలొద్దు. 2001లో బుగ్గవంక ఊరి మీదికి వచ్చినప్పుడు నేను చూసినాను. వంకేనని చిన్నచూపు చూడొద్దు.

నా మోకాళ్ళు ఇక నన్ను ఆ మెట్లు ఎక్కనీయవు. సిద్ధవటం పోయిన రోజు గోడ మీద కూర్చొని నాకు ఫోన్ చెయ్యి. ఏట్లో నీళ్ళు ఒడ్డును తాకుతున్నాయా, నడుమ పాయగా పోతున్నాయా, చూసి చెప్పు.

నీ జేజి